వాండా జాక్సన్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టవచ్చా?

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా రాకబిల్లీ సంగీతం (రాక్ అండ్ రోల్ తొలి రూపాల్లో ఒకటి) మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. తెలుగు పత్రికల్లో ఈ సంగీతం పేరు కనబడటమే అరుదు కనుక ముందుగా వ్యాసకర్తకు, దాన్ని ప్రచురించిన మీకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఎల్విస్ ప్రెస్లీ, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్ వంటి గాయకుల గురించి రాసిన భాగంతో నాకు పేచీ లేదు. అయితే వాండా జాక్సన్ విషయానికి వచ్చేసరికి, ఆమె ఎల్విస్ స్నేహితురాలనీ, కొన్ని హుషారు పాటలు పాడి ఆ తర్వాత భక్తిగీతాలకు మళ్లి తెరమరుగయ్యారనీ ఒకే ఒక్క వాక్యంతో ముగించారు. ఆ వాక్యంలో పచ్చి అబద్ధమేమీ లేదు. కానీ అరవయ్యేళ్లకు పైగా సాగిన ఒక గాయని వృత్తి జీవితంలో రెండేళ్ల ముచ్చటను ముందు పెట్టి, మిగతాదంతా వెనక్కు నెట్టడం వల్ల నిజాలే అబద్ధం చెప్పినట్టయింది. ఉత్తరం కాస్త పెద్దదవుతుంది. కుదించే అధికారం ఎలాగూ మీకు ఉంది.

నేను సంగీత విమర్శకుణ్ణి కాను, బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా అమ్మాయి ఓక్లహోమా సిటీలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు, పాత గిడ్డంగులను బాగుచేసి హోటళ్లూ దుకాణాలూ పెట్టిన బ్రిక్‌టౌన్ అనే పేటలో నడుస్తుంటే వాండా జాక్సన్ పేరు పెట్టిన వీధి కనబడింది. ఎల్విస్ స్నేహితురాలైనంత మాత్రాన ఊరివాళ్లు వీధికి పేరు పెట్టరు కదా అన్న కుతూహలంతో ఆమె పాటలు వినడం, ఆమె గురించి చదవడం మొదలుపెట్టాను.

ఎల్విస్ కంటే ముందే ఆమెకు వృత్తి ఉంది. 1937లో ఓక్లహోమా రాష్ట్రంలోని మాడ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి టామ్ జాక్సన్ సంగీతం తెలిసినవాడు. బతుకుదెరువు కోసం కుటుంబాన్ని కాలిఫోర్నియాకు తీసుకుపోయి క్షురక వృత్తి చేశాడు. కూతురికి గిటారు కొనిచ్చి నేర్పింది ఆయనే. నాట్యశాలల్లో వెస్టర్న్ స్వింగ్ (పల్లెపాటకు జాజ్ కలిపిన నాట్యసంగీతం) బృందాల కచేరీలు జరుగుతుంటే ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. అక్కడ రోజ్ మాడక్స్ అనే గాయని తళుకుల దుస్తుల్లో గొంతెత్తి పాడటం చూశాక తానూ అలాగే పాడాలని ఆ పిల్ల నిశ్చయించుకుంది. తర్వాత కుటుంబం ఓక్లహోమా సిటీకి తిరిగి వచ్చింది. బడిలో చదువుకునే వయసులోనే పాటల పోటీలో గెలిచి స్థానిక రేడియో కేంద్రంలో రోజూ పావుగంట కార్యక్రమం సంపాదించుకుంది. ఆ కార్యక్రమం విన్న, కంట్రీ (అమెరికా పల్లెపాట) గాయకుడు హాంక్ థాంప్సన్ తన బృందంతో పాడతావా అని ఫోన్ చేసి అడిగితే, అమ్మను అడిగి చెబుతానందట. 1954లో ఆ బృందంలోని బిల్లీ గ్రేతో కలిసి పాడిన యుగళగీతం డెక్కా కంపెనీ విడుదల చేయగా కంట్రీ పాటల జాబితాలో 8వ స్థానానికి చేరింది. అప్పటికి ఆమె వయసు 16 ఏళ్లు. థాంప్సన్ తాను రికార్డులు ఇస్తున్న క్యాపిటల్ కంపెనీకి ఆమెను సిఫారసు చేసినప్పుడు, ఆడపిల్లల రికార్డులు అమ్ముడుపోవని నిర్మాత కెన్ నెల్సన్ తిరస్కరించాడని ఆమె తరచూ చెప్పేవారు. రెండేళ్లు తిరక్కుండా ఆ నెల్సన్‌ చేతుల మీదుగానే ఆమె క్యాపిటల్‌లో చేరారు. ఆ కంపెనీతో ఆమె అనుబంధం 1970ల వరకూ నిలిచింది.

ఎల్విస్ సంగతి ఇక్కడ వస్తుంది. 1955 జూలైలో, ఉన్నత పాఠశాల చదువు ముగిసిన కొత్తలో, మిస్సోరీలోని కేప్ జిరార్డోలో జరిగిన కచేరీలో ఆమె మొదటిసారి ఆయనతో ఒకే వేదిక మీద పాడారు. అప్పటికి ఆయన దేశమంతా తెలిసినవాడు కాడు. తర్వాత ఏడాదిన్నర పాటు ఇద్దరూ అడపాదడపా కలిసి పర్యటనలు చేశారు. ఆయన ఇచ్చిన ఉంగరాన్ని ఆమె గొలుసుకు కట్టి మెడలో వేసుకున్నారు. ఇదంతా నిజమే. కానీ ఆ స్నేహంలో సంగీత చరిత్రకు పనికొచ్చేది ఉంగరం కాదు. మెంఫిస్‌లోని తన ఇంట్లో ఎల్విస్ ఆమెకు రికార్డులు వినిపించి, కంట్రీ పాటలకే పరిమితం కాకుండా ఈ కొత్త బాణీ కూడా నువ్వు పాడగలవని నచ్చజెప్పాడు. తాను కంట్రీ గాయనినని ఆమె వెనకాడితే, నేనూ కంట్రీ గాయకుణ్ణే కదా అన్నాడట. తండ్రి కూడా ఎల్విస్ మాటనే సమర్థించాడు. సలహా ఒకరిది కావచ్చు, గొంతు మాత్రం ఆమెదే. ఆ మాటకొస్తే ఎల్విస్ సలహా ఇచ్చినవాళ్లు ఇంకెందరో ఉండి ఉంటారు, వాళ్లందరి పేరుతో వీధులు లేవు.

రాకబిల్లీ అంటే ఏమిటో మీ వ్యాసకర్త చక్కగానే వివరించారు: తెల్లవాళ్ల పల్లెపాటకూ నల్లవాళ్ల బ్లూస్‌కూ కుదిరిన పొత్తు, నిలువెత్తు బాస్ వాద్యాన్ని తంత్రులు టపటప కొట్టుకునేలా వాయించడం, గొంతుకు తోడుగా వెంటనే వినిపించే ప్రతిధ్వని. ఆయన చెప్పనిది ఒకటుంది. ఆ సంగీతంలో మగవాడు వెక్కిళ్లు పెట్టినట్టు, గొంతు గీరుకుపోయినట్టు, కవ్వించినట్టు పాడితే అది యౌవనం. అదే పని 18 ఏళ్ల ఆడపిల్ల చేస్తే రేడియోవాళ్లు ఆ రికార్డు పక్కన పెట్టేవారు. 1956లో ఆమె పాడిన ‘ఐ గాటా నో’ వినండి. నింపాదిగా, ఫిడేలుతో, పద్ధతైన కంట్రీ పాటలా మొదలై, ఉన్నట్టుండి పరుగందుకుంటుంది, మళ్లీ నెమ్మదిస్తుంది, మళ్లీ ఉరుకుతుంది. కంపెనీకి ఏ పాట కావాలో, అమ్మాయికి ఏ పాట కావాలో రెండూ ఒకే రికార్డులో పక్కపక్కన కూర్చున్నట్టు ఉంటుంది. థెల్మా బ్లాక్‌మన్ అనే ఆమె రాసిన ఆ పాట కంట్రీ జాబితాలో 15వ స్థానానికి చేరింది. కానీ ఆ తర్వాత నాలుగేళ్లు, నేడు రాకబిల్లీ అభిమానులు నెత్తిన పెట్టుకుంటున్న పాటలన్నీ పాడిన ఆ నాలుగేళ్లూ, అమెరికాలో ఆమెకు చెప్పుకోదగ్గ విజయం దక్కలేదు. ఇది గమనించదగిన విషయం. ఆమె పేరు ఏ పాటల వల్ల నిలిచిందో అవి వెలువడిన రోజుల్లో అమ్ముడుపోలేదు.

దుస్తుల కథ కూడా ఇలాంటిదే. అప్పటి కంట్రీ గాయనులు మోకాలి కిందకు దిగే గౌన్లూ, తోలు బూట్లూ వేసుకుని నిలబడి పాడేవారు. వాండా తానే ఊహించి, తల్లి నెల్లీ చేత కుట్టించుకుని, కుచ్చులు వేలాడే బిగుతైన దుస్తులూ, ఎత్తు మడమల చెప్పులూ వేసుకున్నారు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కబోతుండగా, భుజాలు కప్పుకోకపోతే పాడటానికి వీల్లేదని కంట్రీ గాయకుడు ఎర్నెస్ట్ టబ్ ఆపేశాడు. ఆమె పైన కోటు తొడుక్కుని పాట పూర్తి చేసి, ఇక్కడికి మళ్లీ రానని చెప్పి వచ్చేశారు. కంట్రీ సంగీతానికి గుడిలాంటి చోటు కాదనుకోవడం అప్పట్లో చిన్న నిర్ణయం కాదు.

1957లో పాడిన ‘ఫుజియామా మామా’ గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అది అంతకు రెండేళ్ల ముందు ఆనిస్టీన్ అలెన్ అనే నల్లజాతి గాయని పాడిన పాట. తన కోపం జపాన్‌లోని ఫుజియామా అగ్నిపర్వతం లాంటిదని గొప్పలు పోయే ఆ పాటలో నాగసాకి, హిరోషిమాల పేర్లు కూడా గొప్పల లెక్కలోనే వస్తాయి. బాంబులు పడి అప్పటికి పన్నెండేళ్లే అయింది. ఈ రోజు వింటే మనసు చివుక్కుమంటుంది, నేనైతే ఆ పల్లవిని సమర్థించలేను. అమెరికాలో పట్టించుకోని ఆ పాట జపాన్‌లోనే మొదటి స్థానానికి చేరింది! 1959లో ఆమె అక్కడికి పోయి వారాల తరబడి పర్యటించారు. శ్రోతలు మాటలను వదిలేసి గొంతునే విన్నారనుకోవాలో, మాటలు తెలిసే ఆ ధిక్కారాన్ని ఇష్టపడ్డారనుకోవాలో నాకు తెగలేదు.

సొంత దేశంలో గుర్తింపు వచ్చిన తీరు ఇంకా విచిత్రం. 1958లో తన మొదటి ఎల్పీ (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డు) కోసం, ఎల్విస్ అంతకు ముందు సంవత్సరం సినిమాలో పాడిన ఒక పాటను ఆమె ‘లెట్స్ హావ్ ఎ పార్టీ’ పేరుతో పాడారు. ఎల్పీలో చోటు నింపడానికన్నట్టు వేసిన పాట అది. రెండేళ్లు అలా పడి ఉంది. 1960లో అయోవా రాష్ట్రం డిమోయిన్‌లో ఒక రేడియో వ్యాఖ్యాత తన కార్యక్రమానికి దాన్ని ముఖగీతంగా వాడుకుంటే, శ్రోతలు ఈ పాట ఎక్కడ దొరుకుతుందని అడగడం మొదలుపెట్టారు. ఆయన కెన్ నెల్సన్‌కు ఫోన్ చేశాడు. నెల్సన్ విడిగా విడుదల చేశాడు. పాట అమెరికా పాప్ జాబితాలో 37వ స్థానానికి చేరింది. ఆమె తన బృందానికి పార్టీ టైమర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఎల్విస్ పాడింది, వాండా పాడింది వెంటవెంటనే వినమని మీ వ్యాసకర్తకు నా మనవి. ఎల్విస్ పార్టీకి పిలుస్తున్నట్టు పాడతాడు, వాండా పార్టీ మధ్యలోంచి కేక వేసినట్టు పాడతారు.

ఆ రికార్డులో పియానో వాయించింది బిగ్ ఆల్ డౌనింగ్ అనే నల్లజాతి యువకుడు. ఆ రోజుల్లో తెల్లజాతి గాయని బృందంలో నల్లజాతి వాద్యకారుడు ఉండటం ఊరూరా గొడవలకు దారితీసేది. ఒకచోట క్లబ్బు యజమాని అతణ్ణి వేదిక దింపమంటే, అతడు దిగితే మేమూ దిగుతామని ఆమె బదులిచ్చినట్టు చెబుతారు. ఆమెను విప్లవకారిణిగా చూపడానికి ఇది రాయడం లేదు. ఆ ముద్ర ఆమె ఏనాడూ కోరుకోలేదు. రాకబిల్లీ చరిత్రను తెల్లకుర్రాళ్ల కథగా చెప్పేటప్పుడు ఆడవాళ్లతో పాటు జారిపోయే మరో వరస ఇది.

‘తొలి రాకబిల్లీ గాయని’ అని ఆమెను పొగిడే అలవాటు కూడా కొందరికి ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. 1956లోనే జానిస్ మార్టిన్ అనే 15 ఏళ్ల వర్జీనియా అమ్మాయిని ఆర్‌సీఏ కంపెనీ ‘ఆడ ఎల్విస్’ అని ప్రచారం చేసి అమ్మింది, ఆమె పాట మొదట్లో వాండా పాటల కంటే బాగా అమ్ముడుపోయింది. ఆ పిల్ల రహస్యంగా పెళ్లి చేసుకుందనీ, గర్భవతి అయిందనీ తెలియగానే కంపెనీ ఆమెను వదిలించుకుంది. వాండాకు అలాంటి గతి పట్టకపోవడానికి గొంతు ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. పర్యటనలన్నిటికీ తండ్రి వెంట ఉండి కారు నడిపాడు, లెక్కలు చూశాడు. 1961లో పెళ్లాడిన వెండెల్ గుడ్‌మన్ ఐబీఎంలో ఉద్యోగం మానుకుని 2017లో చనిపోయేదాకా ఆమె వ్యవహారాలే చూసుకున్నాడు. స్వతంత్రురాలిగా పేరు పడిన గాయనికి ఇంటి మగవాళ్ల అండ ఎంత అవసరమైందో చూస్తే, ఆ అండ లేని జానిస్ మార్టిన్‌ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

పార్టీ పాట గెలిచాక ఆమె రాకబిల్లీనే పట్టుకుని కూర్చోలేదు. 1961లో తానే రాసుకున్న ‘రైట్ ఆర్ రాంగ్’ అనే మెత్తని పాట కంట్రీ జాబితాలో 9వ స్థానానికీ పాప్ జాబితాలో 29వ స్థానానికీ చేరింది. ఆమె రాసిన మరో పాటను మరుసటి ఏడాది కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ పాడి హిట్ చేశాడు. ఆమె పాటలు రాసేవారన్న సంగతే చాలామందికి తెలియదు. లాస్ వేగస్‌లో రాత్రికి ఎన్నో ఆటలు పాడారు, జర్మన్ రాకపోయినా ఉచ్చారణ కంఠతా పట్టి 1965లో ఆ భాషలో పాడి అక్కడ విజయం సాధించారు, రెండుసార్లు గ్రామీ సంగీత పురస్కారానికి నామినేషన్ పొందారు. రాకబిల్లీ గాయనిగానే ఆమెను చూసేవాళ్లకు ఈ పదేళ్లూ దారితప్పిన కాలంగా కనబడతాయి. బృందానికి జీతాలిచ్చి, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, ఏడాది పొడవునా రోడ్డు మీద గడిపిన మనిషి వైపు నుంచి చూస్తే అది సంగీతకారుల మామూలు బతుకు.

భక్తిగీతాల విషయంలోనే నాకు వ్యాసకర్తతో అసలు తగాదా. 1971లో వాండా, వెండెల్ ఇద్దరూ క్రైస్తవ విశ్వాసంలోకి గాఢంగా వెళ్లారు. అప్పటికి తాగుడూ, కాపురంలో కలతలూ తమను ఎంత దెబ్బతీశాయో ఆమె దాచలేదు. క్రమంగా క్లబ్బులు మానేసి చర్చిల్లో పాడారు, క్యాపిటల్ నుంచి బయటికి వచ్చి భక్తి సంగీతం వేసే కంపెనీలకు రికార్డులు ఇచ్చారు. దీన్ని ‘తెరమరుగవడం’ అన్నారు వ్యాసకర్త. ఎవరి తెర? సంగీత వ్యాపారపు తెర మీద కనబడలేదేమో కానీ, వారం వారం ఏదో ఒక ఊరి చర్చిలో ఆమె గొంతు వినబడుతూనే ఉంది. మన ఎల్.ఆర్. ఈశ్వరి గారు ఒకప్పుడు తెరమీద హుషారు పాటలకు పెట్టింది పేరై, తర్వాత అమ్మవారి పాటలతో గుడి మైకుల్లో ఇంటింటికీ చేరారు. ఆవిడ తెరమరుగయ్యారని మనం ఎవరమైనా అంటామా?

పైగా ఆ భక్తి కాలమే చివరి ఘట్టం కూడా కాదు. 1980ల్లో ఐరోపా కుర్రకారు పాత రాకబిల్లీ రికార్డులను వెతికి పట్టి వింటున్న రోజుల్లో స్వీడన్ నుంచి పిలుపు వచ్చింది. యాభయ్యో పడికి చేరువవుతున్న ఆమె అక్కడికి వెళ్లి రాకబిల్లీ ఆల్బం చేశారు. వేదిక కింద ఇరవయ్యేళ్ల వాళ్లు, ఆమె పాతికేళ్లుగా పాడని పాటలను మాట పొల్లుపోకుండా పాడారు. అమెరికాకు ఈ కబురు చేరడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1995లో రోజీ ఫ్లోరెస్ అనే గాయని తన ఆల్బంలో ఆమెతో కలిసి పాడి, క్లబ్బు పర్యటనకు కూడా తోడు తీసుకుపోయింది. ఆ తర్వాత ఆమె కచేరీల్లో పార్టీ పాటా, యేసు పాటా రెండూ ఉండేవి. పార్టీ పాటల మధ్యలో తన విశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పేవారు. పచ్చబొట్లు పొడిపించుకున్న కుర్రాళ్లు నిశ్శబ్దంగా వినేవారు.

గుర్తింపులు ఆలస్యంగా, ఎవరో ఒకరు అడిగితే వచ్చాయి. 2005లో అమెరికా ప్రభుత్వం జానపద, సంప్రదాయ కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ లభించింది. రాక్ సంగీతంలో పేరు నిలిచినవాళ్లను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు లేకపోవడం సిగ్గుచేటని ఇంగ్లండ్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో (ప్రెస్లీ కాదు) బహిరంగంగా లేఖ రాశాడు. చివరికి 2009లో చోటు ఇచ్చారు, అదీ ప్రధాన విభాగంలో కాదు, ‘తొలి ప్రభావకులు’ అన్న విభాగంలో. ఎల్విస్, జెర్రీ లీ లూయిస్ 1986లోనే మొదటి జట్టుగా చేరారు, కార్ల్ పెర్కిన్స్ మరుసటి ఏడాది చేరాడు. వాళ్లతో పాటే ఆ రోజుల్లో వేదిక పంచుకున్న మనిషికి ఇరవై ఏళ్లకు పైగా తేడా. ఆ వివక్ష గురించి ఒక్క ముక్క రాయడానికి మీ వ్యాసంలో తగిన చోటు ఉండింది.

ఆ పై వచ్చిన పనిలో నాకు బాగా నచ్చింది 2011లో రాక్ సంగీతకారుడు జాక్ వైట్ నిర్మించిన ఆల్బం. ఆయన ఆమెను గట్టిగానే శ్రమపెట్టాడు. పైకి మృదువుగా కనబడుతూ పట్టు విడవని ఆయన్ని మఖమలు చుట్టిన ఇటుక అని ఆమె సరదాగా అనేవారు. అందులో ఇంగ్లండ్ గాయని ఎమీ వైన్‌హౌస్ పాట ఒకటుంది. తన విశ్వాసానికీ వయసుకూ సరిపడదని తోచిన పంక్తిని మార్చితేనే పాడతానన్నారు, మార్చాక పాడారు. పాత పాటలే పాడి చప్పట్లు కొట్టించుకోగలిగిన వయసులో కొత్త పాటను చేతికి తీసుకోవడం, తీసుకున్నదాన్ని తన షరతు మీద తీసుకోవడం, రెండూ ఆమెకు తెలుసు. అదే ఏడాది ఇంగ్లండ్ గాయని అడెల్ అమెరికా కచేరీలకు ముందు ఆమె పాడారు. 2019లో పర్యటనలు విరమిస్తున్నట్టు ప్రకటించారు. 2021లో, 83 ఏళ్ల వయసులో, రాక్ గాయని జోన్ జెట్ నిర్మాణంలో మరో ఆల్బం వెలువరించారు. మొదటి హిట్టుకూ దీనికీ మధ్య 67 ఏళ్లు.

కనుక నా కోరిక ఇది. ఆ వ్యాసాన్ని మీరు తర్వాత ఎప్పుడైనా సంకలనంగా వేసినా, అంతర్జాల ప్రతిలో సవరించే వీలున్నా, ‘ఎల్విస్ స్నేహితురాలు’ అన్న మాటను పూర్తిగా తీసేయమనడం లేదు. దాన్ని తర్వాతి వాక్యానికి జరిపి, మొదటి వాక్యంలో ఆమె వృత్తిని రాయండి. ‘తెరమరుగయ్యారు’ అన్న మాటను మాత్రం తీసేయండి. వీలైతే జానిస్ మార్టిన్, రోజ్ మాడక్స్‌లను కూడా కలుపుకుని వ్యాసకర్త చేతే మరో వ్యాసం రాయించండి. వ్యాసం పక్కన వేసిన బొమ్మలో ఎల్విస్ వెనుక, కుచ్చుల గౌనుతో గిటారు పట్టుకుని నిలబడ్డ అమ్మాయికి కింద పేరు వేయలేదు. ఈసారి వేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
కాకినాడ